సందిగ్ధమును నిశ్చయమును

మునిమాపువేళ పెరటిత్రోవలో పడియున్న త్రాటిని చూచి పామని యులికిపడని వారుండరు. దీపము తెచ్చి చూచినపిమ్మట నవ్వుకొందుము. మన వేదాంతులు ఈ రజ్జుసర్పభ్రాంతిని బ్రహ్మమునకును జగత్తునకును గల సంబంధమును బోధించుటకు దృష్టాంతముగా గైకొనిరి. మేమంత దూరము పోము. ఇందులో గృహస్థులకు నిత్యము పనికివచ్చు ధర్మ మొకటి గలదని చూపుటయే మా యుద్దేశము.

ఆ మసకలో కన్ను మనకు తెచ్చి యిచ్చినది నేలపై నొక వంకర గీత మాత్రమే. పడగయు, విషమును, ప్రాణభయమును మెదడు చేర్చినవి. జర్మనీదేశపు శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ 19వ శతాబ్దమునందే, చూపనగా మన కెఱుక లేకయే మనసు చేయు నూహ యని చెప్పెను. ఇంద్రియములు తెచ్చు వార్త తఱచుగా కొఱతపడియే యుండును. ఆ కొఱతను మెదడు పూర్వానుభవముతో పూడ్చును.

స్విట్జర్లాండు దేశస్థుడగు నెకర్ 1832లో నొక వింతను ప్రకటించెను. వట్టి గీతలతో వ్రాసిన పెట్టెబొమ్మను తదేకముగా చూచితిమేని, ముందున్న ముఖము వెనుకకును, వెనుకది ముందునకును మాఱుచుండును. గీతలు మాఱలేదు, మాఱినది మన నిర్ణయమే. రెండు రూపములును ఒక్కమాఱే కనబడవు. 'ఇది రెండు విధముల నుండవచ్చును' అని మెదడు మనతో చెప్పదు. ఒకదాని నెన్నుకొని, ఎన్నిక జరిగినదను మాటనే దాచిపెట్టును. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనువారు 'గ' యని పలుకు ముఖమునకు 'బ' యను ధ్వనిని జోడించి చూపగా, పెక్కురు పెద్దలు 'ద' యని వినిరి. మర్మ మెఱిగినపిమ్మటను అట్లే వినబడును. తెలిసినంతమాత్రాన భ్రమ తొలగదన్నమాట.

వెలుతురు చాలనిచోట ఆ కొఱతను పూడ్చునవి వాడుక, భయము, పక్షపాతము. విజయనగరమున నుండిన గురజాడ అప్పారావుగారు దీని నెంత బాగుగ నెఱిగిరో చూడుడు. 1892లో అచ్చటనే మొదట ప్రదర్శింపబడి, 1909లో పెంచి ప్రకటింపబడిన 'కన్యాశుల్కము'లో కరటకశాస్త్రులు తన శిష్యునికి ఆడువేషము వేసి, ముసలి లుబ్ధావధాన్లకు పెండ్లి చేయించును. శిష్యుడు వేషము విప్పి పాఱిపోవును. పెండ్లికూతురు కనబడదు, ఉన్న సాక్ష్యమంతయు నింతే. దయ్యములపేర బ్రతుకు పూజారి గవరయ్యకు అది పిశాచముల వ్యవహారము. నేరము వెదకువారికి అది ఖూనీ. అసలు పెండ్లికూతురే లేదను సత్యము మాత్రము గుట్టెఱిగిన నలుగురికి దక్క నన్యుల యూహ కందలేదు. నవ్వించు నాటకములో ఉరిత్రాటి నీడ యెట్లు పడినదో గమనింపుడు.

ఇది నాటకముతో పోలేదు. మన ఉత్తరాంధ్ర మన్యపు పల్లెలలో 'చిల్లంగి' యను మాట యిప్పటికిని చావలేదు. బిడ్డకు జ్వరము తగులును, కారణము తెలియదు. దోమకాటో, చెడ్డనీరో యని విచారింపక, దిక్కులేని యే ముసలిదాని చూపునో కారణముగా నిలుపుదురు. ఇట్టి యనుమానముచేత కొట్టబడినవారును, చంపబడినవారును కలరు.

చదువుకొన్న మనము వారిని చూచి నవ్వ బనిలేదు. ఒకప్పుడు మా యింట వెండిగిన్నె యొకటి కనబడకపోయెను. అడుగగా పనిమనిషి తల వంచుకొనెను. ఆ వంచిన తలలో మాకు దొంగతనము స్పష్టముగ గానవచ్చెను, ఆమెను మాన్పించితిమి. మూడు నెలలకు, తెగిపడిన చేదకై నూతిలో పాతాళగరిగె వేయగా దానితో గిన్నెయు వచ్చెను. ఆమె తల వంచినది అవమానముచేత. మరల పిలువబోగా ఆమె రాలేదు.

ప్రతిదానికి సందేహించుచు కూర్చున్న సంసారము సాగదందురు. నిజమే. త్రాటిని పామనుకొని తొలగినవానికి నష్టము ఒక్క యులికిపాటు. పామును త్రాడనుకొని త్రొక్కినవానికి ప్రాణమే పోవచ్చును. కావున ప్రకృతి మనకు తొందరపాటు నిచ్చుట మేలే. ఐనను ఒక భేదము గలదు. మన పొరపాటువలన త్రాటికి బాధ లేదు, మనుష్యునికి గలదు. తప్పునకు మూల్యము మనమే చెల్లించుకొనునెడ త్వరపడవచ్చును. పరులు చెల్లింపవలసినయెడ దీపము వచ్చునందాక ఆగుటయే ధర్మము.

ఆ దీపము మిక్కిలి ఖరీదైనది కాదు. 'దీనికి వేఱొక యర్థముండునా?' యను ప్రశ్నయే యది. కోడలి మౌనము గర్వమో సిగ్గో, బిడ్డ తడబాటు అబద్ధమో భయమో, ఆలసించిన యుత్తరము ఉపేక్షయో యిబ్బందియో అని ఒక్కమాఱు అడుగుకొనుటను ఇంట పిల్లలకు అలవాటు చేయవలెను. త్రాటిని పామనుకొనుట మెదడు స్వభావము. అది దోషము కాదు. దీపము చేత నుండియు వెలిగింపక, కఱ్ఱ యెత్తుటయే దోషము.