నా మొగం చూసి

తిరుచానూరులో దర్శనం చేసుకుని పద్మసరోవరం మెట్ల మీద కూర్చున్నాం. మా తమ్ముడి కూతురు పోటీ పరీక్షకు చదువుతోంది. సంచిలోంచి పుస్తకం తీసి, "పెద్దనాయనా, ఇంటర్‌సీడ్ అంటే ఏంది?" అని అడిగింది. "ఒకరి కోసం ఇంకొకరిని బతిమాలడం" అన్నాను. పాప రాసుకుంది. నాకు మాత్రం ఆ జవాబు చాల్లేదు.

ఈ క్రియకు ఇద్దరు చాలరు, ముగ్గురు కావాలి. తప్పు చేసినవాడో కష్టంలో ఉన్నవాడో ఒకడు, శిక్షించడమో కరుణించడమో చేతిలో ఉన్నవాడు ఒకడు, వాళ్ళ నడుమకు పోయి నిలబడేవాడు ఒకడు. నడుమకు పోవడమే లాటిన్‌లో దాని మూలార్థం. ఇంటర్‌ఫియర్ అంటే పిలవని చోట తలదూర్చడం. ఇంటర్‌వీన్ అంటే కల్పించుకోవడం, ఎవరి పక్షమైనా కావచ్చు. మధ్యవర్తి ఇద్దరికీ సమానదూరంలో ఉంటాడు. ఇంటర్‌సీడ్ చేసేవాడు బలం లేనివాడి పక్కన నిలబడి, బలమున్నవాడి వైపు తిరిగి మాట్లాడతాడు. తెలుగు బైబిల్ దీనికి 'విజ్ఞాపన' అనే మాట పెట్టుకుంది. మంచి మాటే. కానీ అందులో నోరు వినిపిస్తుంది, మనిషి నిలబడిన చోటు కనిపించదు. ప్రాచీన రోములో సామాన్యుల పక్షాన ఎన్నికైన ట్రిబ్యూన్లకు అధికారి ఆజ్ఞను ఆపే హక్కు ఉండేది. ఆ హక్కు పేరు ఇంటర్‌సెస్సియో. అది చదివినప్పుడు మన 'అడ్డుపడు' గుర్తొచ్చింది. పనికి అడ్డుపడ్డాడంటే నింద, దెబ్బకు అడ్డుపడ్డాడంటే మెచ్చుకోలు.

తిరుమల కొండకు పోయేముందు తిరుచానూరులో అలమేలుమంగమ్మను చూసుకోవాలని మా వైపు పెద్దలు చెప్తారు. "ముందు తల్లికి చెప్పుకుంటే ఆమె ఆయనకు చెప్తుంది" అనేది మా అవ్వ. శ్రీవైష్ణవులు దీన్నే పురుషకారం అంటారు. పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణం మొదట్లోనే దీన్ని వివరిస్తారు. అమ్మ స్వామికి దయను గుర్తుచేస్తుంది, జీవుడికి ధైర్యం చెప్తుంది. గోల్కొండ చెరసాలలో రామదాసు కూడా రాముడికి ఒక మాట చెప్పమని సీతమ్మనే వేడుకున్నాడు. వాల్మీకి సీత ఇంకా ముందుకు పోయింది. రావణవధ తర్వాత, అశోకవనంలో ఆమెను వేధించిన రాక్షస స్త్రీలను చంపుతానని హనుమంతుడు అనుమతి అడిగాడు. వాళ్ళు రాజాజ్ఞకు లోబడిన దాసీలని, తప్పు చేయనివాళ్ళు లోకంలో ఎవరూ లేరని చెప్పి ఆమె ఆపింది. దెబ్బతిన్న మనిషే దెబ్బకొట్టినవాళ్ళకు అడ్డుపడింది. ఇంతకన్నా పెద్ద విజ్ఞాపన నాకు తెలియదు.

కొండ మీద బ్రేక్ దర్శనానికి సిఫారసు లేఖ కోసం నేనూ తిరిగాను. దాన్ని ఈ మాటతో పిలవలేను. లేఖ ఇచ్చినాయనకు పోయింది ఏమీ లేదు, వరుసలో వెనకున్నవాళ్ళు ఇంకాసేపు నిలబడ్డారు.

తనది పోగొట్టుకోవడమంటే ఏందో మా అమ్మ దగ్గర చూశాను. చిత్తూరు పక్కన మా ఊళ్ళో, తోతాపురి కాయలు కోతకొచ్చిన రోజుల్లో, ఒక కూలీ కొడుకు తోటలో కాయలు కోస్తూ దొరికిపోయాడు. పదేళ్ళు ఉంటాయేమో. తోటాయన వాణ్ణి చెట్టుకు కట్టేయించి చింతబరిక అందుకున్నాడు. ఆయన మాకు దూరపు వరసలో మామ, అమ్మకు అన్న. అమ్మ పరుగున పోయి పిల్లవాడి ముందు నిలబడింది. వాడు కోయలేదని అనలేదు, ఆకలికి కోశాడనీ అనలేదు. "నా మొగం చూసి ఇడిసిపెట్టన్నా" అంది. ఆయన చాలాసేపు పలకలేదు. తర్వాత కట్లు విప్పించాడు.

ఆ ఎండాకాలం నుంచి మా బావి నీళ్ళు ముందు ఆయన చెట్లకు పారి, ఆ తర్వాతే మా వేరుశనగకు వచ్చేవి. నాయన ఒకసారి గట్టిగా అడిగాడు. "ఇయ్యకుండా ఎట్లా? ఆ పొద్దు మొగం పెట్టి అడిగినా గదా" అంది అమ్మ. ఆ మాట పిల్లవాడి ఇంటికి మాత్రం చేరనీయొద్దని మా అందరికీ చెప్పింది. వాడు పెద్దవాడై మా ఇంటి ముందు నుంచి పోతున్నప్పుడల్లా, "ఏం నాయనా, తిన్నావా?" అని పలకరించేది, అంతే.