తప్పయితే ఎవరికి ఖర్చు?

తార్నాక

చి. శ్రావణికి,

నీ హాస్టల్ నుంచి మా ఇంటికి నడిచొస్తే పావుగంట. ఇంత దగ్గర మనిషికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఎదురుగా కూర్చుంటే నన్ను రెండో వాక్యం దాటనివ్వవు బిడ్డా. కాగితానికి ఆ ఇబ్బంది లేదు.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మీ పెద్దమ్మ "అన్నం తిన్నాక చాయ్ విషమేనట, ఎన్ఐఎన్ వాళ్లే చెప్పారు" అన్నది. నువ్వు "ఏదీ చదవరు, అన్నీ మాట్లాడతారు" అని కంచం తీసుకుని లేచావు. నీ చిరాకు నాకు అర్థమైంది. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివే పిల్లకు ఆ "విషం" అన్న మాట చెవిలో ముల్లులా గుచ్చుకుని ఉంటుంది. అయినా ఆ విసురు నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పాలంటే కాస్త దూరం నుంచి రావాలి.

ముందు ఆ చాయ్ సంగతి. 2024 మేలో మన పక్కనే ఉన్న ఎన్ఐఎన్, అంటే జాతీయ పోషకాహార సంస్థ, భారతీయులకు ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. మొత్తం 17. భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా టీ, కాఫీ వద్దన్న మాట అందులో ఉంది. టీలోని టానిన్లు తిండిలోని ఇనుముతో కలిసిపోయి దాన్ని ఒంటికి అందకుండా చేస్తాయని కారణం కూడా చెప్పారు. విషం అని ఎక్కడా లేదు. అయితే 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆకుకూర, పప్పుతోనే ఇనుము తెచ్చుకునే ఇళ్లలో ఆ గంట ఎడం చిన్న విషయం కాదు. మీ పెద్దమ్మ మాట తప్పుగా పట్టుకుంది, పని మాత్రం సరిగ్గా చేసింది. అన్నం తిన్న వెంటనే చాయ్ పెట్టడం మానేసింది. ఆ మార్గదర్శకాలు చదివిన నువ్వు మెస్సులో భోజనం కాగానే క్యాంటీన్‌కు పోతున్నావని విన్నాను.

పొద్దున ఆర్ట్స్ కాలేజీ ముందు నడిచే మా గుంపును నువ్వు చూశావు. రిటైరైన బ్యాంకు వాళ్లు, ఆర్టీసీ వాళ్లు, ఒకరిద్దరు లెక్చరర్లు. రోజూ ఎవరో ఒకరు పేపర్లో వచ్చిన కొత్త పరిశోధన ఒకటి మోసుకొస్తారు. గుడ్డు మంచిదట. కాదట. రోజుకు పదివేల అడుగులు అక్కర్లేదట. నేను గమనించిందేమిటంటే, ఎవరూ "వాళ్లు ఏం చూశారు?" అని అడగరు. "అయితే మనమిప్పుడేం చెయ్యాలి?" అంటారు. ఒళ్లు తనది, మందుల ఖర్చు తనది అయిన మనిషి అంతకంటే వేరే ఏమడుగుతాడు? చిక్కల్లా, పరిశోధన పత్రం ఆ ప్రశ్నకు జవాబుగా రాసింది కాకపోవడమే. ఇంతమందిలో, ఇన్నాళ్లు, ఇది చూశాం, ఇది కనిపించింది అని చెప్పి అది ఊరుకుంటుంది. ఆ మిగిలిన ఖాళీలోకి మన ఆశో భయమో వచ్చి కూర్చుంటుంది.

రెండూ ఎలా కూర్చుంటాయో 2021లో రెండు నెలల తేడాతో చూశాను. నువ్వప్పుడు ఇంటర్. మార్చి మొదట్లో కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, ఎన్ఐఎన్, టీకాల కంపెనీ భారత్ బయోటెక్ కలిసి హైదరాబాద్‌లో చేసిన సర్వే ఫలితాలు చెప్పారు. 30 వార్డుల్లో సుమారు 9,000 మంది రక్తం పరీక్షిస్తే 54 శాతం మందిలో కరోనా యాంటీబాడీలు ఉన్నాయి. వాళ్లలో ముప్పావు వంతు మందికి తమకు వచ్చిపోయిందనే తెలియదు. చాలా విలువైన పని అది. జనవరి, ఫిబ్రవరి నాటికి ఈ ఊళ్లో ఎంతమందికి ఆ వైరస్ తగిలింది అన్నది వాళ్ల ప్రశ్న. మా గుంపు దానికి వేసిన ప్రశ్న వేరు. "ఇక మాస్కు తీసేయొచ్చా?" సగం ఊరికి వచ్చిపోయిందట కదా సార్ అంటూ ఒక్కొక్కరి మాస్కూ గడ్డం కిందికి దిగింది. మిగతా 46 శాతం మంది సంగతి ఎవరూ ఎత్తలేదు. మళ్లీ రాదనీ, కొత్త రూపంలో రాదనీ ఆ సర్వే ఎక్కడా అనలేదు. ఏప్రిల్ చివరికి ఈ ఊళ్లో ఆక్సిజన్ బెడ్ దొరకడమే గగనమైంది.

సరిగ్గా అప్పుడే రెండోది వచ్చింది. హబ్సిగూడలోని అదే సీసీఎంబీకి చెందిన పరిశోధకులు ఎన్440కె అన్న మార్పు ఉన్న కరోనా రకం మీద ఒక ప్రిప్రింట్ పెట్టారు. ప్రిప్రింట్ అంటే తోటి శాస్త్రవేత్తలు పరిశీలించకముందే అందరి ముందూ పెట్టిన పత్రమని నీకు చెప్పక్కర్లేదు. ప్రయోగశాలలో పెంచిన మనిషి కణాల మీద ఈ రకం వైరస్, అప్పట్లో ఎక్కువగా ఉన్న మరో రకం కంటే పదిరెట్లు ఎక్కువగా తయారైందని అందులో ఉంది. బాగా అరుదైన ఇంకో రకంతో పోలిస్తే వెయ్యిరెట్లకు పైనే. గాజుపళ్లెంలోని కణాల లెక్క అది. టీవీకి వచ్చేసరికి అది "ఏపీ స్ట్రెయిన్" అయింది. ఒకచోట పదిహేను రెట్లు ప్రమాదకరం, ఇంకోచోట వెయ్యిరెట్లు. రోగి ఒంట్లో అది ఎంత చేటు చేస్తుందన్నది ఆ పత్రం చూడనే లేదు. పైగా దక్షిణాదిలో ఎన్440కె అప్పటికే తగ్గుముఖం పట్టిందనీ, దాని స్థానంలోకి వేరే రకాలు వస్తున్నాయనీ అదే సీసీఎంబీ శాస్త్రవేత్తలు వెంటనే చెప్పారు. ఆ వచ్చినవాటిలో ఒకదానికే మే చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ డెల్టా అని పేరు పెట్టింది. మనుషుల్ని తీసుకుపోయింది అది. పేరు మోసింది మాత్రం ఎన్440కె.

ఈలోపు మే 6న ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నుంచి వచ్చేవాళ్లు 14 రోజులు ప్రభుత్వ క్వారంటైన్‌లో ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. రెండు డోసులు వేసుకున్నవాళ్లకూ, నెగెటివ్ రిపోర్టు ఉన్నవాళ్లకూ ఇంట్లో ఏడు రోజులన్న సడలింపు ఉందనుకో. ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలులో, ఆ రకం పేరు చెప్పి జనాన్ని భయపెట్టారని అక్కడి అప్పటి ప్రతిపక్ష నాయకుడి మీద పోలీసులు కేసు పెట్టారు. కణాల మీద చేసిన ఒక ప్రయోగం వారం తిరక్కుండా రెండు రాష్ట్రాల ప్రయాణికుల నెత్తిన పడింది. ఐఏఎస్‌లు చదివినవాళ్లు సంతకం చేసిన ఉత్తర్వు అది బిడ్డా. "చదవకుండా మాట్లాడతారు" అన్న నీ మాట ఎక్కడిదాకా పోతుందో చూసుకో.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. పరిశోధనలన్నిటినీ తూచి నమ్మడం మామూలు మనిషికి కుదరదు. నీకూ కుదరదు, నీ సబ్జెక్టు దాటితే నువ్వూ మా గుంపులో మనిషివే. కానీ ఒక ప్రశ్న అందరికీ చేతనవుతుంది. ఈ మాట నమ్మి నడుచుకున్నాక, అది తప్పని తేలితే ఖర్చు ఎవరు భరిస్తారు? చాయ్ ఒక గంట వెనక్కి జరిపితే, ఆ సలహా రేపు మారినా మీ పెద్దమ్మకు పోయేదేమీ లేదు. అక్కడ పలచటి ఆధారం చాలు. మాస్కు తీస్తే ఆ ఖర్చు పక్కన నడిచేవాడి మీద పడుతుంది. రైలు దిగినవాణ్ణి 14 రోజులు కూర్చోబెడితే అతని మీద, అతని కూలి మీద పడుతుంది. అక్కడ ఆధారం చిక్కగా ఉండాలి. నీ ఒంటికి సంబంధించినదైతే త్వరగా నమ్ము, తప్పులేదు. ఇంకొకరి దారికి అడ్డం పెట్టేటప్పుడు ఆలస్యంగా నమ్ము.

"రోజుకో మాట మారుస్తారు ఈ సైంటిస్టులు" అనేవాళ్లు కూడా మా గుంపులో ఉన్నారు. అమెరికా వాళ్ల ఆహార సలహాల్లో రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ దాటొద్దన్న గీత ఏళ్ల తరబడి ఉండి 2015-20 సంచికలో లేకుండా పోయినప్పుడు వాళ్లకు పండగే అయింది. వాళ్లకు నేను జొన్నల కథ చెబుతుంటాను. ఇప్పుడు సాయంత్రమైతే రోడ్డు పక్కన పెనం పెట్టి జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతున్నారు, షుగర్ ఉన్నవాళ్లు వరసకట్టి కొంటున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అని కూడా అన్నది. 1960లో ఇదే తార్నాకలోని పోషకాహార పరిశోధనశాల నుంచి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య లాన్సెట్ పత్రికలో రాసింది చదివితే ఈ కొనేవాళ్లు ఉలిక్కిపడతారు. జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా కనిపిస్తోందని వాళ్లు చూశారు. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి మొరటుబారడం, విరేచనాలు, ముదిరితే మతి చెదరడం. నయాసిన్ లోపించి వచ్చే జబ్బు అది. విచిత్రమేమిటంటే జొన్నలో నయాసిన్ మరీ తక్కువేమీ కాదు. మరి ఎందుకు వస్తోంది? జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అన్న అమైనో ఆమ్లం అడ్డుపడుతోందని వాళ్లు ప్రతిపాదించారు. దాన్ని తర్వాత వేరేచోట్ల కొందరు ఒప్పుకోలేదు, ఆ వాదన ఏళ్లపాటు సాగింది.

మరి జొన్న మంచిదా చెడ్డదా? ఆ రోజుల్లో ఆ జబ్బు పడినవాళ్ల కంచంలో రొట్టె, కారం తప్ప పెద్దగా ఏమీ లేదు. ఇప్పుడు కొనేవాళ్లు దాన్ని పప్పుతో, కూరతో, పెరుగుతో తింటారు. గింజ అదే, కంచం వేరు. 1960 పత్రమూ అబద్ధం కాదు, ఇప్పటి రొట్టె బండీ మోసం కాదు. పాతది చదివి ఎవరో ఒక అధికారి "జొన్న మానెయ్యండి" అని ఉత్తర్వు ఇచ్చి ఉంటే, జొన్న తప్ప వేరే గింజ దొరకని రైతు ఏం తినేవాడు? ఖర్చు ఎవరిదన్న ప్రశ్న అక్కడ కూడా పనికొస్తుంది.

పరిశోధన వదిలిన ఖాళీలో వచ్చి కూర్చునేవాటిలో మూడో రకం కూడా ఉంది. దానిలో ఆశా లేదు, భయమూ లేదు, పంతమే. 2009లో సీసీఎంబీ నుంచి కె. తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాలో డేవిడ్ రైక్ తదితరులు నేచర్ పత్రికలో మన జనాల జన్యు చరిత్ర మీద రాశారు. 25 సమూహాలకు చెందిన 132 మంది నమూనాలతో చేసిన పని. ఇప్పటి భారతీయుల్లో చాలామందిలో రెండు పాత జనవాహినులు వేర్వేరు పాళ్లలో కలిసి ఉన్నాయన్నారు. అది చాలు, ఆర్యులు రాలేదని రుజువైంది అన్నవాళ్లు కొందరు, వచ్చారని రుజువైంది అన్నవాళ్లు కొందరు. మా వాకింగ్‌లో వారం రోజులు ఇదే గోల. ఎవరి ముత్తాతను వాళ్లు అందులో వెతుక్కున్నారు.

ఆ గోలలో ఎవరికీ వినపడని మాట అదే పత్రంలో ఉంది. కొన్ని సమూహాలు వేల ఏళ్లుగా లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల, మొదటి కొద్దిమందిలో ఉన్న జన్యులోపాలు ఇప్పటికీ వాళ్లలో గట్టిగా నిలిచిపోయాయని. ఉదాహరణగా చూపినవాళ్లలో మన తెలుగు వైశ్యులున్నారు. 2017లో సీసీఎంబీ వాళ్లు, హార్వర్డ్ వాళ్లు కలిసి రాసిన మరో పత్రంలో దక్షిణాసియాలో తాము చూసినవాటిలో ఇలాంటి సమూహాలు 81 అని తేల్చారు. వాటిలో 14 పదిలక్షల జనాభా దాటినవే. వైశ్యుల్లో కొందరికి బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ ఎంజైము తక్కువ. మామూలుగా బతకడానికి దానివల్ల ఏ లోటూ రాదు. ఆపరేషన్ వేళ గొంతులో గొట్టం వేయడానికి కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తే మాత్రం, నిమిషాల్లో దిగాల్సినది గంటలపాటు దిగదు. అంతసేపూ మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతాడు, అంతటితో సమస్య తీరిపోతుంది. ఆర్యులెక్కడివాళ్లో తేలినా తేలకున్నా మన ఇళ్లలో ఎవరికీ ఏమీ కాదు. ఇది తెలియకపోతే మాత్రం ఎవరో ఒకరికి ప్రాణం మీదికి రావచ్చు. మామూలు మనుషులకు నిజంగా పనికొచ్చే ముక్క అదొక్కటే, అదే వాళ్లదాకా రాలేదు. తప్పు వాళ్లదే అందామా? అది రాసిన భాష వాళ్లది కాదు. ఆ భాష నేర్చుకున్నవాళ్లు భోజనాల దగ్గర కంచం తీసుకుని లేచిపోతే ఇంకెవరు చెబుతారు?

కాబట్టి నీకొక పని. మా కింది వాటాలో ఉండే పెద్దావిడ, వాళ్లు వైశ్యులే, వచ్చే నెల మోకాలి ఆపరేషన్ చేయించుకుంటున్నారు. సంగతి నేను చెబితే, మీరు డాక్టరా అన్నట్టు చూసి నవ్వారు. ఆదివారం వచ్చినప్పుడు నువ్వు దిగి వెళ్లి చెప్పు. ఎంజైము పేరు పలకమని ఆవిణ్ణి బలవంతపెట్టకు. మత్తు డాక్టరుతో "మా కులంలో ఈ లోపం ఎక్కువట, మా ఇంట్లో ఎవరికైనా మత్తు దిగడం ఆలస్యమైందేమో కనుక్కుని వచ్చాను, ఒకసారి చూసి మందివ్వండి" అనేటట్టు తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక చీటీ రాసివ్వు. ఆవిడకు లోపం లేకపోతే ఆ చీటీకి అయ్యే ఖర్చు కాగితం ముక్క. మీ పెద్దమ్మ ఆ రోజు బీరకాయ పచ్చడి చేస్తానన్నది. చాయ్ మాత్రం గంట ఆగాకే.

పెదనాన్న