గాయముతో గడచిన గార్హస్థ్యము

పురాణ కాలక్షేపమున నరకాసుర వధ ఘట్టము వచ్చినప్పుడు శ్రోతల కన్నులన్నియు సత్యభామ చేతి వింటిపైననే నిలుచును. రణరంగమునుండి యింటికి మరలిన వీరవనిత యటుపై గడపిన సామాన్యదినములను గూర్చి పౌరాణికుడు చెప్పునది స్వల్పము. మనము అడుగునదియు స్వల్పమే. ఆ సామాన్యదినములయందే యధికమైన తపస్సు ఇమిడియుండునని నన్ను నమ్మించిన జీవితమొకటి కలదు. అది అమెరికాలోని మసాచుసెట్స్ సీమకు చెందిన డెబొరా శాంప్సన్ అను రైతు యిల్లాలి జీవితము.

1760 డిసెంబరు 17న ప్లింప్టన్ గ్రామమున జన్మించిన ఈమెను దారిద్ర్యము బాల్యమునుండియే వెన్నాడెను. తండ్రి కుటుంబమును విడిచిపోగా, తల్లి పోషింపజాలక బిడ్డలను పరుల పంచలకు పంపవలసివచ్చెను. పదియవ యేట మిడిల్‌బరోలో నొక రైతు యింట ఒప్పందపు పనిపిల్లగా చేరి, పదునెనిమిదేండ్లు నిండువరకు అచ్చటనే చాకిరి చేసెను. ఆ యింటి మగపిల్లల పాఠములను విని తానును చదువు నేర్చి, పిదప వేసవిలో పిల్లలకు ఓనమాలు దిద్దించుచు, శీతకాలమున మగ్గము నేయుచు తన పొట్ట తాను పోసికొనెను.

ఆంగ్లప్రభుత్వముతో వలసరాష్ట్రముల పోరాటము ఇంకను ముగియకమునుపే, 1782 మే నెలలో, ఆమె పురుషవేషము ధరించి, రాబర్ట్ షర్ట్‌లిఫ్ అను పేర నాలుగవ మసాచుసెట్స్ రెజిమెంటున చేరెను. మగదుస్తులు ధరించి సైన్యమున చేరినదను అనుమానముతో ఆ సెప్టెంబరులోనే మిడిల్‌బరో బాప్టిస్టు సంఘము ఆమెను వెలివేసెను. దైవము పేర కూడిన సంఘము మూసిన తలుపు దైవమే మూసిన తలుపు కాదని నా విశ్వాసము. టారీటౌన్ వద్ద తాను గాయపడితినని ఆమె వృద్ధాప్యమున ప్రమాణపూర్వకముగా తెలిపెను. వైద్యునకు చూపినచో గుట్టు బయటపడునని తొడలోని తూటానొకదానిని తానే పెకలించుకొనెననియు, లోతుగా దిగిన మరియొకటి కడవరకు దేహమునందే నిలిచిపోయెననియు ఆమె కథ చెప్పువారు చెప్పుదురు.

1783లో ఫిలడెల్ఫియాయందు విషజ్వరము సోకి స్పృహ తప్పిన ఆ సైనికుని గుండె యాడుచున్నదో లేదో చూడబోయిన డాక్టర్ బార్నబస్ బిన్నీ సత్యమును గ్రహించెను. గ్రహించియు నలుగురిలో చాటక, తన యింటికి తరలించి కుటుంబమువారిచే పరిచర్య చేయించిన ఆ వైద్యుని నేను మహాత్ములలో లెక్కింతును. విషయము తెలిసిన సేనాని పాటర్సన్‌ సైతము శిక్షింపలేదు. అక్టోబరు 25న ఆమె వెస్ట్ పాయింటులో సగౌరవముగా విడుదల పొందెను. పదునేడు మాసముల సైనికజీవిత మంతటితో ముగిసెను.

మిగిలిన నలువది మూడేండ్లును సంసారము, పొలము. షారన్ గ్రామమున బెంజమిన్ గానెట్ అను రైతును పెండ్లాడి, ఎర్ల్, మేరీ, పేషన్స్ అను ముగ్గురు బిడ్డలను కని, కన్నతల్లి మరణించిన మరియొక పసికందును తెచ్చి వారితోపాటు పెంచెను. వారికున్నవి కొద్దిపాటి యెకరములు. అవియును చవుడుతో సమానమైన బీదనేలలు. ఆ ప్రాంతమున చలికాలపు గడ్డమంచుకు నేల పొంగి, ప్రతి వసంతమునను క్రొత్త రాళ్ళు పైకి తేలును; వానిని ఏరి పొలము చుట్టును గోడగా పేర్చినగాని నాగలి సాగదు. నేలలోని రాళ్ళు ఏటేట పైకి వచ్చినవి. ఆమె మేనిలోని సీసము పైకి రాలేదు. ఆ నొప్పితోనే వంగవలెను, మోయవలెను, బిడ్డల నెత్తుకొనవలెను.

1792లో రాష్ట్రశాసనసభ బాకీపడిన జీతము క్రింద 34 పౌనుల నిచ్చెను. అది చాలలేదు. 1802లో ఆమె ఊరూర సభలు జరిపి, సైనికదుస్తులతో తుపాకి కవాతు చేసి చూపుచు, తన కథ చెప్పి నాలుగు డబ్బులు గడించెను. 1804లో ఆమెను చూడవచ్చిన పాల్ రివియర్ అను దేశభక్తుడు, పొడవైన మగరాయుని వంటి స్త్రీని ఊహించి రాగా, మృదువుగా సంభాషించు చిన్నపాటి యిల్లాలు ఎదురయ్యెనని, ఆ కుటుంబము నిజముగా పేదదని, ఆమె అనారోగ్యమునకు యుద్ధమే కారణమని చట్టసభ సభ్యునకు లేఖ వ్రాసెను. మరుసటి యేట నెలకు 4 డాలర్ల పింఛను మంజూరయ్యెను. 1806లో ఆమె రివియర్‌కు జాబు వ్రాసి 10 డాలర్లు అప్పడిగెను.

ఫలాపేక్ష లేని కర్మయనగా న్యాయముగా రావలసిన భృతిని అడుగకుండుటయని కొందరు భ్రమింతురు. గీతాచార్యుడు అట్లు చెప్పియుండలేదు. ఈమె అడిగెను, పదేపదే అడిగెను. బిడ్డల కొరకు, వైద్యము కొరకు చేయిచాచుటకు సిగ్గుపడలేదు. కాని ఈ సొమ్ము వచ్చిననే కాపురము చేసెద, రాకున్న మానెదనని యనలేదు. ఇచ్చినది పుచ్చుకొని, ఈయనిదానికి ద్వేషము పెంచుకొనక, ఎదుటనున్న పని చేసికొనిపోవు ఈ సమబుద్ధి ఒక్క ముహూర్తపు వీరావేశమున లభించునది కాదు. ఆశ్రమముల కేగి వెదకువారికిని సులభముగా దొరకదు.

1827 ఏప్రిల్ 29న, అరువదియారవ యేట, ఆమె కన్నుమూసెను. ఆనాటి కది నిండైన ఆయుస్సే. సైనికుల వితంతువులకు వలెనే సైనికురాలి భర్తనైన తనకును పింఛను దయచేయుడని వృద్ధుడైన గానెట్ చట్టసభను వేడుకొనెను. అట్టి మనవి అంతకుముందు ఎవరును వినియుండలేదు. 1838లో ఆమె శౌర్యమును శ్లాఘించి చట్టసభ సమ్మతించునప్పటికి ఆయన గతించి యేడాదియాయెను. 466 డాలర్ల 66 సెంట్లు వారసులకు ముట్టినవి.