ఏ పనికి ఏ ఉక్కు

ఉక్కునగరంలో ఒక క్వార్టర్లో ఒక తాత ఉండేవాడు. విశాఖ ఉక్కు కర్మాగారం ల్యాబులో పనిచేసి రిటైరయ్యాడు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ, ఈ మూడు బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి వచ్చే ద్రవలోహం స్టీల్ మెల్ట్ షాపులో ఉక్కుగా మారుతుంది. అక్కడ ప్రతి హీటు, అంటే ఒక విడతలో తయారయ్యే ఉక్కు, నుంచీ ఒక చిన్న శాంపిల్ తీసి ల్యాబుకు పంపుతారు. కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత, గంధకం, భాస్వరం ఎంత? ఆ లెక్క తేలితేగానీ హీటు ముందుకు కదలదు. అరచేతిలో పట్టే ముక్కను చూసి 150 టన్నుల మీద తీర్పు చెప్పడం ఆయన చేసిన ఉద్యోగం. రిటైరయ్యాక ఆ చూపు ఇంట్లోకి వచ్చింది. బియ్యం, ఫ్యాను, స్కూటర్ టైరు, ఏది కొన్నా ఆయన చేతి మీదుగా పోవాల్సిందే.

కొడుకు కూడా ప్లాంటులోనే. మనవరాలు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.కాం.లో చేరింది. పొద్దున్నే కూర్మన్నపాలెంలో బస్సెక్కి, గాజువాక, ఎన్ఏడీ దాటుకుంటూ మద్దిలపాలెం చేరేసరికి గంట దాటుతుంది. చాలా రోజులు నిలబడే ప్రయాణం. ఆ అమ్మాయికి ల్యాప్‌టాప్ కావాలి. ఇంట్లో తేల్చిన డబ్బు 25 వేలు.

"తాతా, నువ్వు కూడా రా. నువ్వు చూడకుండా నాన్న డబ్బులివ్వనంటున్నాడు" అంది.

గాజువాకలో ఒక షాపు. కుర్రాడు రెండు డెమో పీసులు బల్ల మీద పెట్టాడు. ఒకటి పెద్దది, 15.6 అంగుళాల తెర, రెండు కిలోలకు దగ్గర, ఛార్జరు వేరే బరువు. లోపలి ప్రాసెసర్ గట్టిది. పాత స్టాకు కాబట్టి ఈ ధరకు వస్తోంది. రెండోది 14 అంగుళాలది, కిలో మూడొందల గ్రాములు. ప్రాసెసర్ సాధారణం. ఫ్యాను లేదు. ఛార్జరు ఫోను ఛార్జరంత.

తాత జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. తన రిటైర్మెంట్ ఫంక్షన్ వీడియో అందులో ఉంది. గంటన్నర వీడియోలోంచి పది నిమిషాల ముక్క తయారు చేయమని రెండింటికీ ఒకే పని ఇచ్చాడు. పెద్దది చకచకా ముగించింది. చిన్నది మొదట బాగానే మొదలుపెట్టి, వేడెక్కేసరికి నెమ్మదించింది. కింద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

"ఇది పనికిరాదు తల్లీ. లోడు పడగానే వంగిపోయింది" అన్నాడు.

మనవరాలు వెంటనే ఏమీ అనలేదు. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి తన బ్యాగులో పెట్టుకుని, ఛార్జరు కూడా వేసుకుని, భుజానికి తగిలించుకుని షాపులోనే కాసేపు నిలబడింది. తర్వాత చిన్నదాన్ని తెరిచి తన పని మొదలుపెట్టింది. ఒక పక్క పాఠం వీడియో, ఇంకో పక్క ఎక్సెల్‌లో ఖాతాల పట్టిక, వెనకాల పదో పన్నెండో వెబ్‌పేజీలు. తెలుగులో ఒక పేజీ టైపు చేసింది, మీటలు వేళ్లకు అందుతున్నాయో లేదో చూసుకుంటూ. అక్క పెళ్లయి దుబాయిలో ఉంటోంది, ఆమెకు వీడియో కాల్ చేసి "నా మాట బాగా వినిపిస్తోందా?" అని అడిగింది. గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో తెర కనిపిస్తోందా అని చూసింది. ఎండ నేరుగా పడితే అక్షరాలు వెలిసిపోయాయి, నీడలో ఫరవాలేదు. ఒంటి చేత్తో మూత తెరిచింది. మూత మూలలు పట్టుకుని మెల్లగా కదిపి కీలు ఎంత బిగువుగా ఉందో చూసింది. ఈ మొత్తం పని అరగంట. బ్యాటరీ ఎనిమిది శాతం తగ్గింది.

"తాతా, వీడియోలు కోసేది నువ్వు. నేను కాదు" అంది అప్పుడు. "వెల్డింగ్ రాడ్డుకు పోయే వైరుకీ, స్ప్రింగుకు పోయే వైరుకీ మీ ల్యాబులో ఒకే పాసు మార్కు వేసేవారా?"

తాత ఆగిపోయాడు. వెల్డింగ్ రాడ్డుకు కార్బన్ చాలా తక్కువుండాలి. స్ప్రింగుకు ఎక్కువుండాలి. ఒకదానికి గుణమైనది రెండోదానికి దోషం. ముక్క చేతికొస్తే ముందు అది ఏ గ్రేడుకి, ఎవరి ఆర్డరుకి అని చూసి, ఆ తర్వాతే అంకెలు చూసేవాడు ఆయన. ఇవాళ ఆర్డరు చదవకుండానే శాంపిల్‌ను తోసేశాడు.

"నిజమేనమ్మా" అన్నాడు. ఆయన అంతటితో వదిలేసే మనిషి కాదు. షాపు కుర్రాడి వైపు తిరిగి, "ర్యామ్ ఎంత బాబూ? తర్వాత పెంచుకోవచ్చా?" అని అడిగాడు. 8 జీబీ, బోర్డుకే అతికించేశారు, పెంచడం కుదరదన్నాడు కుర్రాడు. "స్టోరేజి?" 256 జీబీ, విడిగా బిగించిన ఎస్ఎస్‌డీ, మార్చుకోవచ్చు. "ఇందులోనే 4 జీబీది, 64 జీబీ స్టోరేజిది ఉంది సార్, ఆరు వేలు తగ్గుతుంది" అని కుర్రాడు ఆశ పెట్టాడు. ఆ అమ్మాయి కళ్లు ఆ ధర మీదికి వెళ్లాయి.

"వద్దు తల్లీ" అన్నాడు తాత. "పోత పోశాక కార్బన్ మార్చలేం. నెమ్మదితనంతో సర్దుకుంటావు, చోటు లేకపోతే సర్దుకోలేవు." ఈసారి ఆ అమ్మాయి తాత మాట విన్నది. చిన్నదే కొన్నారు, 8 జీబీది.

నీతి ఇది: వస్తువును పరీక్షించేముందు దానికి అప్పజెప్పబోయే పనిని రాసుకోవాలి, ఆ పనికి ఇవాళ చాలడం ఒక పరీక్ష, రేపు మార్చలేనిది ఏదో తెలుసుకోవడం రెండో పరీక్ష. మనవరాలికి మొదటిది తెలుసు, తాతకు రెండోది తెలుసు. ఏ ఒక్కరు చెప్పినట్టే కొన్నా నష్టపోయేవారు.

పెద్ద అంకె మీది మోజు ఉక్కులోనూ ఉంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్ఈ 600 కడ్డీ బలంలో ఎఫ్ఈ 500డి కంటే పైమెట్టు. కానీ తెగేలోపు సాగాల్సిన కనీస సాగుదల 600కి 10 శాతం, 500డికి 16 శాతం. భూకంపంలో ఇంటిని నిలబెట్టేది ఆ సాగే గుణం. దుకాణంలో 600 అన్న అంకె మాత్రమే చూసినవాడికి ఆ సంగతి కనిపించదు. ల్యాప్‌టాప్ డబ్బా మీది గిగాహెర్ట్జ్‌లదీ అదే తీరు.

చవక ల్యాప్‌టాప్‌ల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 2007లో అసుస్ ఈ పీసీ ఏడంగుళాల తెరతో, కిలోలోపు బరువుతో వచ్చింది. దాని 4 జీబీ స్టోరేజి చాలా త్వరగా ఇరుకైపోయింది. 2016లో హైదరాబాద్‌కు చెందిన ఆర్‌డీపీ సంస్థ థిన్‌బుక్‌ను 9,999 రూపాయలకు తెచ్చింది. 14.1 అంగుళాల తెర, విండోస్ 10, 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజి. పదివేలలోపు పూర్తి కంప్యూటరు, అదీ మన దగ్గరే పుట్టినది అంటే ఇప్పటికీ నాకు గౌరవమే. అయితే 32 జీబీలో విండోస్ అప్‌డేట్లకు చోటు చూపించడం ఎవరి వస్తువుకైనా కష్టమే అయింది. ఇవాళ విండోస్ 11 కనీసం 64 జీబీ, 4 జీబీ ర్యామ్ అడుగుతోంది. అది మొదలవడానికి కావలసిన కనీసం, హాయిగా పనిచేయడానికి కాదు. 2023లో వచ్చిన జియోబుక్ 990 గ్రాములు, 16,499 రూపాయలు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి. అందులో ఉన్నది విండోస్ కాదు, జియో సొంత వ్యవస్థ. పాఠాలు వినే పిల్లవాడికి అది చాలవచ్చు. ట్యాలీ నేర్చుకునే కామర్స్ విద్యార్థి మాత్రం తన సాఫ్ట్‌వేర్ అందులో నడుస్తుందో లేదో కొనకముందే అడగాలి.

చవక వస్తువును చిన్నచూపు చూసే సమీక్షలు నాకు నచ్చవు. లక్ష రూపాయల యంత్రంతో దాన్ని పోల్చి మార్కులు కోస్తారు. ఆ వస్తువు కొనే ఇంట్లో చాలాసార్లు అదొక్కటే కంప్యూటరు. ఉద్యోగం దరఖాస్తు, ఫీజు చెల్లింపు, దూరాన ఉన్నవాళ్ల ముఖం చూడటం, అన్నీ దాని మీదే. అలాంటి వస్తువునే ఇంకా శ్రద్ధగా పరీక్షించాలి, ఎందుకంటే తప్పు కొంటే రెండోది కొనే డబ్బు ఆ ఇంట్లో ఉండదు.

విశాఖలో ఇంకో రెండు విషయాలు చూడాలి. ఉప్పుగాలి, గాజువాక వైపు దుమ్ము. ఫ్యాను లేని ల్యాప్‌టాప్ దుమ్మును లోపలికి లాగదు, అది మేలు. ఎండాకాలం మధ్యాహ్నం వేడికి నెమ్మదిస్తుంది, అది దాని ఖరీదు. కడ్డీ మీద చూసినట్టే ఛార్జరు మీదా బీఐఎస్ గుర్తు చూడాలి, దానితోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. సర్వీస్ సెంటరు నగరంలోనే ఉందా, లేక హైదరాబాద్ పంపాలా అన్నది బిల్లు వేయించుకోకముందే అడగాలి. మార్పిడికి షాపువాళ్లు ఎన్ని రోజులు గడువిస్తే అన్ని రోజులూ దాచిపెట్టకుండా మీ అసలు పని దానితో చేయించండి, బస్సులో భుజాన మోయడంతో సహా.