మొర్దెకై యింటి తలుపు

ధ్యానభాగము: ఎస్తేరు 2:5–7



రాజద్వారమున కూర్చుండిన మొర్దెకైని మనమందరము ఎరుగుదుము. అయితే అంతకు ముందే అతడు చేసిన గొప్ప కార్యమును లేఖనము ఒక్క వచనములో చెప్పి ముగించుచున్నది. తలిదండ్రులు లేని పినతండ్రి కుమార్తెను అతడు తన కుమార్తెగా చేసికొని పెంచెను. ఆ దినమున షూషనులో ఎవరును బూర ఊదలేదు. ఒక పిల్లకు అన్నము, పడక, నాయనా అని పిలుచుటకు ఒక మనుష్యుడు దొరికిరి, అంతే. తరువాత ఆ పిల్లద్వారానే ఒక జనాంగమంతయు బ్రదికెను.

ఒక క్రిస్మసు దినములలో మేము కొందరము పండ్లు, దుప్పట్లు పట్టుకొని ఒక బాలల గృహమునకు వెళ్లితిమి. పాటలు పాడితిమి, ప్రార్థన చేసితిమి. తిరిగి బండి యెక్కుచుండగా పదేండ్ల పిల్లవాడొకడు వచ్చి, "మళ్లీ ఎప్పుడు వస్తారండీ?" అని అడిగెను. "వచ్చే క్రిస్మసుకు బాబూ" అంటిమి. వాడు తల ఊపి లోపలికి పోయెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. యాకోబు 1:27 దిక్కులేని పిల్లలను పరామర్శించుమనుచున్నది. ఏడాదికొక దుప్పటితో ఆ మాట నెరవేరినదా?

"ఎవరి రక్తమో, పెద్దయిన తరువాత మనలను చూచునా?" అని మనలో అనేకులు వెనుకకు తీయుచున్నారు. సహోదరులారా, దేవుని యింటిలోనికి మనలో ఎవడు రక్తసంబంధముచేత వచ్చెను? రోమా 8:15 ప్రకారము మనమందరము దత్తపుత్రులమే. మన గుణము విచారించి, మనము తనకు ఏమి పెట్టుదుమో లెక్కవేసి ఆయన మనలను చేర్చుకొనలేదు.

ఒకప్పుడు చట్టమును మనకు అడ్డముగా నుండెను. 1956 దత్తత చట్టము హిందువులకే వర్తించెను. క్రైస్తవులు 1890 చట్టము క్రింద సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగిరి. 2006లో బాలల న్యాయచట్టము సవరింపబడగా ఆ అడ్డు తొలగెను. ఏ మతస్థులైనను ఆ చట్టము క్రింద దత్తత తీసికొనవచ్చునని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఇప్పుడు 2015 చట్టము క్రింద దత్తబిడ్డకు కన్నబిడ్డతో సమానమైన హక్కులున్నవి. కోరువారు కారా అను కేంద్ర సంస్థయొద్ద పేరు నమోదు చేసికొనవలెను. జిల్లా బాలల పరిరక్షణ కార్యాలయములో దారి చెప్పుదురు. అధికారులు మన యింటిని విచారింతురు. 2022 సెప్టెంబరు నుండి ఉత్తరువు ఇచ్చువాడు జిల్లా కలెక్టరే.

పసిబిడ్డకొరకైతే సంవత్సరములు కనిపెట్టవలసి యుండును. ఎదిగిన పిల్లలను అడుగువారు కొద్దిమందే. అట్టివారిని మొదట పెంపుడు సంరక్షణలో ఇంట ఉంచుకొను మార్గమున్నది. దత్తతకు అర్హుడని ప్రకటింపబడిన బిడ్డ రెండేండ్లు అట్లు పెరిగినయెడల, ఆ కుటుంబమే దత్తత కోరవచ్చునని 2024 మార్గదర్శకములు చెప్పుచున్నవి.

ఒక హెచ్చరిక. బీదతల్లికి డబ్బిచ్చి చాటుగా బిడ్డను తెచ్చుకొనుట దత్తత కాదు. బిడ్డను కొనుట, అమ్ముట రెండును నేరములే. అయిదేండ్లవరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల జుల్మానా కలవు. పెంచలేని తల్లి బాలల సంక్షేమ సమితి యెదుట బిడ్డను అప్పగింపవచ్చును. మనస్సు మార్చుకొనుటకు ఆమెకు రెండు నెలల గడువున్నది. ఆమెమీద వేయుటకు మనచేతిలో రాయి ఉండకూడదు.

ప్రియులారా, అందరును దత్తత తీసికొనలేరు. అయితే సంఘమంతయు చేయదగిన పని యున్నది. పిల్లలులేని సహోదరిని గొడ్రాలని పిలువకుడి. దత్తబిడ్డను "తెచ్చుకున్న పిల్ల" అని గుసగుసలాడకుడి. స్త్రీల సమాజములో ఈ సంగతి చదివి వినిపించుడి. దిక్కులేని బిడ్డ కనబడినయెడల 1098కు ఫోను చేయుడి. మొర్దెకైవంటి యిల్లు మన పేటలో ఒక్కటైనను లేచునట్లు ప్రార్థించుడి.

ఆ పిల్లవాడు నేడును గుమ్మమువైపు చూచుచుండునేమో. తండ్రిలేనివారికి తండ్రియైన దేవుడు మన తలుపులను తెరచును గాక. ఆమేన్.