హాఫ్ టికెట్



ఆదివారం. జహనుమా నుంచి పిల్లల్ని తీసుకుని హుస్సేన్‌సాగర్‌కు బయల్దేరారు. నీళ్ల నడుమ బుద్ధుణ్ణి, ఒడ్డున 125 అడుగుల బాబాసాహెబ్‌ను చూపిద్దామని. మంచి పనే.

బస్సులో కండక్టర్ అడిగాడు, "బాబుకెన్నేళ్లు?" 5 దాటితే హాఫ్ టికెట్. మొన్ననే ఆరు నిండాయి. "ఇంకా ఐదు నిండలేదన్నా" అన్నారు మీరు. బాబు మీ మొహంలోకి చూశాడు.

అబద్ధమాడనని వందనలో రోజూ చెప్పుకుంటాం. పంచశీలలో అది నాలుగోది. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ ఉంది.

తథాగతుడు కొడుకు రాహులుడికి నేర్పిందీ ఇదే. కాళ్లు కడుక్కుని, పాత్రలో కాసిని నీళ్లు మిగిల్చి చూపించాడు. తెలిసి తెలిసి అబద్ధమాడి సిగ్గుపడనివాడిలో మంచితనం ఇంతే అన్నాడు. ఆ నీళ్లూ పారబోసి, పాత్ర బోర్లించాడు. నవ్వులాటకైనా అబద్ధమాడొద్దన్నాడు.

కూలి చేసుకునే ఇంట్లో పది రూపాయలూ లెక్కే. కాదనను. కానీ ఆ పది మిగుల్చుకుని బాబుకి ఏం నేర్పాం?

ఈసారి డబ్బులు వాడి చేతికే ఇవ్వండి. "నాకు ఆరేళ్లు, హాఫ్ టికెట్ ఇవ్వండి" అని వాణ్ణే అడగనివ్వండి. ఆ రోజు వాడికి ధమ్మం బస్సులోనే మొదలవుతుంది.

భవతు సబ్బ మంగళం.