గానుగెద్దు నడక, భక్తుని ప్రదక్షిణము

గుడి చుట్టును తిరిగిన భక్తుడు బయలుదేరిన చోటికే మరల వచ్చును. గానుగ చుట్టును తిరిగిన ఎద్దును అట్లే వచ్చును. అడుగులు లెక్కించినచో భేదము కనబడదు. అయినను ఒకదానిని ప్రదక్షిణమనియు, వేరొకదానిని చాకిరియనియు లోకము పిలుచుచున్నది. ఎద్దు కన్నులకు గంతలుండును. తాను దేని చుట్టును తిరుగుచున్నదో అది ఎరుగదు. భక్తుడెరుగును. నడుమ నున్న స్వామిని కుడివైపున నుంచుకొని, మనస్సున నిలుపుకొని నడచుటయే ప్రదక్షిణము.

ఈ ధర్మము ఆలయ ప్రాకారముతో ముగియదు. సింహాచలమున ఆషాఢ పౌర్ణమి సందర్భమున భక్తులు సుమారు 32 కిలోమీటర్లు నడచి కొండనే చుట్టి వత్తురు. అప్పుడు స్వామితోపాటు కొండమీది చెట్టుచేమలకును ప్రదక్షిణము జరుగుచున్నది. ఈ దృష్టి గలవానికి సూర్యలంక తీరమును ఒక ప్రాకారమే.

బాపట్లలో భావనారాయణస్వామిని సేవించి, సుమారు 9 కిలోమీటర్ల దూరమున నున్న సూర్యలంకలో సముద్రస్నానము చేయువారు పెక్కురు. వారిలో ఒకడు తీరము విడిచి లోపలికి నడచి, చుట్టు తిరిగి వచ్చుననుకొందము. మొదట ఇసుక తిన్నెలపై ఊదారంగు పూల తీగ పాకి, ఎగిరిపోవు ఇసుకను పట్టి యుంచుచుండును. పిదప సరుగుడు తోపు గాలిని తనపై నాపుకొనుచుండును. ఆవల పచ్చిక బయళ్ళు. అటుపై ఉప్పునీటి పాయల యొడ్డున మడచెట్లు. బురదలో ఊపిరియాడదు గనుక మడచెట్టు తన వేళ్ళను పైకెత్తి గాలి పీల్చును. అలల పోటును తగ్గించును. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో వేలకొలది ప్రాణములు పోయినవి. తీరమున చెట్టు విలువ యెట్టిదో ఆ దుఃఖము ఈ ప్రాంతమునకు నేర్పినది.

అదే తీరమున మరియొక ప్రదక్షిణము జరుగుచున్నది. చలికాలము చివర సముద్రపు తాబేలు రాత్రివేళ ఒడ్డుకెక్కి, ఇసుక త్రవ్వి, సుమారు నూరు గ్రుడ్లు పెట్టి, వెనుదిరిగి పోవును. ఇంచుమించు 50 దినములకు పిల్లలు వెలువడి, నీటిమీది వెలుగును గురుతుగా గొని కడలి చేరును. వానిలో బ్రతికి పెరిగిన ఆడుతాబేలు ఏండ్ల తరువాత తాను పుట్టిన తీరప్రాంతమునకే గ్రుడ్లు పెట్ట వచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. వినోదార్థము మనము ఒడ్డున వెలిగించు దీపము ఆ పసికూనలను త్రోవ తప్పించును. శ్రీకూర్మమున కూర్మనాథునకు మ్రొక్కి, ఇచ్చట కూర్మశిశువునకు దారి మూయుట యెట్టి భక్తి?

ఇచ్చట ఒక ప్రశ్న కలుగును. పొయ్యిలోనికి కట్టెలు లేక ఒక పేదరాలు అడవికి వచ్చి ఎండుపుల్లలు ఏరుకొనును. ఆనందము కొరకు వచ్చిన యాత్రికుడు ఆమెను చూచి, అడవి పాడగుచున్నదని కోపించును. ఇరువురిలో దోషమెవ్వరిది? చెట్టును నరికినచో నష్టమే. అందు సందేహము లేదు. కాని ఆమెను తెచ్చినది ఆకలి. ఇతనిని తెచ్చినది వేడుక. అవసరము లేనివాడే ముందుగా నియమము పాటింపవలెను. తాను త్రాగి పారవేసిన సీసాను ఇసుకలో విడిచి, ఆమెకు ధర్మము చెప్పువాని కన్నులకు గంతలున్నవనియే చెప్పవలెను.

ప్రదక్షిణము చేయువాడు గర్భాలయములో అడుగిడడు; చుట్టును తిరిగి ధన్యుడగును. తనది కానిదానిని తాకకయే ప్రేమింపవచ్చునని ఆ నడక నేర్పుచున్నది. సూర్యలంకలో నడచువాడును తిరిగి తీరమునకే వచ్చును. చేతులలో ఏమియు తేకపోవచ్చును. కన్నుల గంతలు ఊడినచో అదియే ఫలము.